తొమ్మిదో పాటకి మాటలు

ఇర్మియాకి ఒకటే బాధ. మేస్త్రి ఆల్బంలో ఎనిమిది పాటలు ఖాయమైపోయాయి. తొమ్మిదోది తనది. అది మాత్రం నెల రోజులుగా "చూద్దాంలే" దగ్గరే ఆగిపోయింది.

మేస్త్రి అంటే మా ఏడుకొండలు. తిండికి టైల్స్ పని, ప్రాణానికి ర్యాపు. పాతికేళ్ళ నించీ అంతే. బెజవాడలో ర్యాపంటే జనం "ఇది పాటా, తిట్టా?" అని అడిగే రోజుల్లోనే ఆయన రంగు డబ్బా బోర్లించి, దాని మీద దరువేసి పాడినవాడు. ఇప్పుడు తల నెరిసింది, మోకాళ్ళు అరిగాయి, గొంతు మాత్రం అరగలా. ఇదే నా ఆఖరి ఆల్బం అని ఆయనే చెప్పేశాడు. పేరు "ఎగువ మెట్లు". మా కొండ మీద ఇళ్ళకి రోడ్డు లేదు, అన్నీ మెట్లే. ఒక్కో పాట ఒక్కో గుమ్మం సంగతి. అందులో శిష్యుడికి ఒక పాట ఇస్తానన్నాడంటే, ఇర్మియాకి అది ఎంత మాటో చూడండి. ఆ ఆల్బం దాటిపోతే మళ్ళీ మేస్త్రి పక్కన వాడి పేరు పడేది లేదు.

రికార్డింగ్ ఎక్కడనుకున్నారు? నా ఇస్త్రీ గదిలో! నవ్వకండి. చుట్టూ దండేల మీద చొక్కాలు, చీరలు, గోడ వారన దుప్పట్ల మూటలు. గొంతు గోడకి కొట్టుకుని తిరిగి రాదంట. పెద్ద స్టూడియోల్లో గోడలకి స్పాంజి అంటిస్తారని మేస్త్రి చెప్పాడు. మాకు జనం బట్టలే స్పాంజి. వాళ్ళు పాడుతున్నంతసేపూ నేను ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, నోరు మూసుకుని కూర్చోవాలి. నాకు అదొక్కటే కష్టం.

ఆ శనివారం పొద్దున పదింటికి ఇర్మియా వచ్చీ రావడంతోనే అడిగేశాడు.

"అన్నా, మాట తప్పిందా, తాళం తప్పిందా? ఏదో ఒకటి చెప్పు."

"రెండూ తప్పలా," అన్నాడు మేస్త్రి.

"మరి?"

"పాడు. బాబాయ్ కూడా వింటాడు," అని నన్ను చూపించాడు.

ఇర్మియా మైకు ముందు నిలబడ్డాడు. ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు, ఊపిరి పడితే వదలడు.

"గోడ దూకినోణ్ణి నేనే, మైకు లాక్కున్నోణ్ణి నేనే,
పదిమంది పడి కొట్టినా పేరు చెప్పనోణ్ణి నేనే,
రక్తం మింగి నవ్వినోణ్ణి, కొండ కొడుకుని నేనే!"

నాకు ఒళ్ళు జల్లుమంది. అబద్ధం చెప్పను, చప్పట్లు కొట్టబోయి ఆగాను. ఎందుకంటే, దెబ్బలు తిన్నది వీడు కాదు.

ఎనిమిదేళ్ళ కిందటి మాట. వీళ్ళకి పదహారేళ్ళు. ఇర్మియా, పక్కింటి నాంచారయ్య ఒకే కంచంలో తినేవాళ్ళు, ఒకే పాట పాడేవాళ్ళు. ఇద్దరిలో నాంచారి చెయ్యే గట్టిది. బిందె మీద వాడు దరువేస్తే నీళ్ళకి పోయే ఆడవాళ్ళు కూడా మెట్ల మీద ఆగేవాళ్ళు. ఒకరోజు కింద ఫంక్షన్ హాల్లో రిసెప్షన్ అవుతుంటే ఇద్దరూ వెనక గోడ దూకి మైకు ఎత్తుకొచ్చారు. ఎత్తుకొచ్చారు అన్నానా? ఎత్తుకొచ్చింది ఇర్మియా. నాంచారి గోడ దగ్గర దొరికిపోయాడు. రెండోవాడెవడ్రా అని కొట్టారు. వాడు చెప్పలా. వారం రోజులు ఆస్పత్రిలో పడున్నాడు.

ఆ వారంలోనే ఇర్మియా వాళ్ళ నాన్న ఇల్లు ఖాళీ చేసి సింగ్ నగర్ వెళ్ళిపోయాడు. తర్వాత ఇర్మియా మేస్త్రి దగ్గర చేరి మళ్ళీ కొండెక్కుతున్నాడు గానీ, నాంచారి గుమ్మం ముందు నించి ఎప్పుడూ ఎక్కడు. అటు చుట్టు తిరిగి, గుడి వెనక మెట్ల మీద రొప్పుకుంటూ వస్తాడు. నేను చూస్తూనే ఉన్నా.

పాట అయిపోయింది. మేస్త్రి బాగుందనలా, బాలేదనలా. కంప్యూటర్ దగ్గరికి జరిగి, తెర మీద ఏదో గుండ్రటి బొత్తాన్ని ఒక పక్కకి తిప్పాడు.

"బాబాయ్, కింద నాంచారి ఉంటాడు. ఒక కేకెయ్యి."

ఇర్మియా మొహంలో రంగు మారింది. "వాడెందుకన్నా?"

"వినేవాడు కావాలిగా."

నేను గుమ్మంలోకెళ్ళి కేకేశా. నాంచారి తలకి తువ్వాల చుట్టుకుంటూనే వచ్చాడు. వన్‌టౌన్ మార్కెట్లో బస్తాలు మోసే ముఠా పని వాడిది. పన్నెండింటికి లోడు దిగుద్ది.

"ఓర్నీ, ఇర్మీ!" అన్నాడు. "పెద్దోడివైపోయావురా. ఆ మీసం నిజందేనా, పీకి చూడనా?"

"ఎట్టా ఉన్నావురా?" అన్నాడు ఇర్మియా, నేల చూపులు చూస్తా.

"బస్తాలు మోసీ మోసీ బస్తాలాగే ఉన్నా. కనపట్టంలా?"

వాడు నవ్వాడు, నేను నవ్వా. మేస్త్రి స్టూలు జరిపి నాంచారిని కూర్చోబెట్టాడు. హెడ్‌ఫోన్లు తనే రెండు చేతులా తీసుకుని వాడి తలకి సరిగ్గా పెట్టాడు.

"తొమ్మిదో పాట. విని చెప్పు."

పాట పెట్టాడు. మాకేం వినపడదు, వాడికే. నాంచారి కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి వాడి చెయ్యి నా ఇస్త్రీ బల్ల మీద ఆడటం మొదలైంది. బస్తాల కొక్కెం పట్టి కాయలు కాసిన చెయ్యి. అయినా ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, ఎక్కడ అందుకోవాలో అక్కడే అందుకుంటోంది. మేస్త్రి ఆ చేతినే చూస్తున్నాడు. ఇర్మియా కూడా చూడకుండా ఉండలేకపోయాడు.

పాట అయింది. నాంచారి హెడ్‌ఫోన్లు తీశాడు.

"బీటు అదిరిందన్నా. మాటలు ఇంకా ఎక్కించలేదా?"

ఇర్మియాకి ఒళ్ళు మండింది. "ఏరా, ఎగతాళా?"

"ఎగతాళేంట్రా! బీటు వరకే ఉందిగా ఇందులో. నీ పాటా ఏంటి ఇది?"

ఇర్మియా హెడ్‌ఫోన్లు లాక్కుని తలకి పెట్టుకున్నాడు. మేస్త్రి మళ్ళీ మొదట్నించీ పెట్టాడు. వాడు వింటూ కుడి వైపుది తీశాడు, పెట్టాడు. ఎడమ వైపుది తీశాడు. తనకి తనే చెప్పుకున్నట్టు, "గొంతంతా ఎడమ పక్కే ఉందేంటన్నా?" అన్నాడు. "కుడి పక్క బీటు ఒక్కటే వస్తోంది."

నాంచారి నవ్వాడు.

"ఎడమ పక్కా? అందుకే! ఈ పక్క షాపు మూసేసి ఎనిమిదేళ్ళయిందిరా," అని ఎడమ చెవి మీద వేలితో కొట్టుకున్నాడు. "అప్పట్నించే. నీకు తెలీదూ?"

తెలీదు. కొండ మీద చంటి పిల్లలక్కూడా తెలుసు, వాడితో మాట్లాడాలంటే కుడి పక్కకి వెళ్ళి నిలబడాలని. ఇర్మియాకి తెలీదు.

"ఇటివ్వు," అని నాంచారి చెయ్యి చాపాడు. "తిప్పి పెట్టుకుంటా. మాటలు కూడా విని పోతా."

ఇర్మియా హెడ్‌ఫోన్లు ఇవ్వలా. రెండు చేతులా పట్టుకుని గుండెకి ఆనించుకున్నాడు.

"ఇవ్వరా, నాకు టైమైపోతాంది."

"వద్దురా."

"ఏం?"

"వద్దు. బాలేదు."

"అంత బాలేదా?"

"అస్సలు బాలేదురా."

నాంచారి కాసేపు వాడి మొహం చూశాడు. ఏమనుకున్నాడో ఏమో. "నువ్వు ఎప్పుడూ ఇంతే, నీది నీకు నచ్చదు," అన్నాడు. లేచి, తువ్వాల బిగించుకుని, "సర్లే, బాగు చేసినాక పిలువు. నేను ఈ మెట్ల మీదే ఉంటాగా," అంటూ దిగిపోయాడు.

వాడి చెప్పుల చప్పుడు వినపడినంతసేపూ ఇర్మియా కదల్లా. తర్వాత కూడా హెడ్‌ఫోన్లు వదల్లా. దండెం మీద ఎవరిదో తెల్ల చొక్కా ఉంటే దాని వైపు తిరిగి నిలబడ్డాడు. వీపు ఊగుతోంది.

చాలాసేపటికి, "తీసెయ్ అన్నా ఆ పాట," అన్నాడు.

మేస్త్రి మీట నొక్కాడు. పాట పోయింది.

"వాడి సంగతి నీకు తెలుసు," అన్నాడు ఇర్మియా. "నెల రోజుల్నించీ వింటున్నావు. ఒక్క మాట చెప్పొచ్చుగా! మాట తప్పలా, తాళం తప్పలా అన్నావే గానీ, ఇది నీ కథ కాదురా అని ఎందుకు చెప్పలా?"

మేస్త్రి కుర్చీలో వెనక్కి వాలాడు. మోకాలు నొక్కుకున్నాడు. ఆయన్ని అంత ముసలివాడిలా నేను ఎప్పుడూ చూడలా.

"ఆ మైకు గొడవకి ముందు రోజు మీ ఇద్దరూ పాడతామని నా దగ్గరికొచ్చారు. గుర్తుందా?"

ఇర్మియా తలూపాడు.

"మైకు కూడా లేనోడికి ర్యాపెందుకురా, పొండి అన్నా. పదిమందిలో అన్నా. అందరూ నవ్వారు."

మేస్త్రి చూపు తెర మీదికి తిప్పుకున్నాడు.

"ఎనిమిది పాటలు రాశాన్రా. ఆ ముక్క ఒక్కదాంట్లో కూడా పెట్టలేకపోయా. నీకు ఏ మొహంతో చెప్పను?"