ఈము వీపులోకి మందు ఎలా వచ్చింది

ఒకప్పుడు ఈము ఎగిరేది. అప్పట్లో దానికి ఇంతింత రెక్కలుండేవి. ఒంటి మీద చిటికెడు కొవ్వు కూడా ఉండేది కాదు. ఎర్రమట్టి నేల మీద దాని నీడ పరుగెడితే, మబ్బు వచ్చిందనుకుని బల్లులు తలెత్తి చూసేవి.

ఆ నేల మీద ఒక మగ ఈము, దాని పక్కనే ఒక తల్లి కంగారూ ఉండేవి. కంగారూకి ఒక్కతే కూతురు. ఒక్క చోట నిలబడదని దాన్ని అందరూ గెంతులమ్మ అనేవారు.

ఒక ఏడు వానలు పడలేదు. మడుగు ఎండిపోయింది. కంగారూ ఈము దగ్గరికి వచ్చింది.

"అన్నా, కొండ అవతల నీళ్ళున్నాయేమో చూసొస్తాను. పిల్ల నా సంచిలో పట్టడం లేదు. అంత దూరం గెంతనూ లేదు. సాయంత్రం దాకా చూసుకుంటావా? గడ్డంతా ఎండిపోయి ఉంది. నిప్పు లేస్తే దీన్ని వీపు మీద వేసుకుని ఎగిరిపో."

"దానికేం చెల్లీ, పోయిరా," అంది ఈము.

కాసేపు బాగానే కూర్చుంది. అంతలో గాలికి పళ్ళ వాసన వచ్చింది. ఎండిన ఏటి అవతల చెట్లు ఎర్రగా పండి ఉన్నాయి.

"గెంతులమ్మా, ఈ బండ మీదే కదలకుండా కూర్చో. రెండు పళ్ళు తిని వచ్చేస్తాను."

"నాకూ తెస్తావా మామా?"

"తెస్తాలే."

ఈము వెళ్ళి రెండు తింది. తర్వాత లెక్కే లేదు. ఎన్నాళ్ళ ఆకలో మరి! తిన్నదంతా కొవ్వై వీపు మీద దళసరిగా పేరుకుంది. ఒళ్ళు బరువెక్కి, చెట్టు కిందే నిద్రపోయింది.

పొగ వాసనకి దానికి మెలకువ వచ్చింది. ఆయాసపడుతూ ఎగిరి వచ్చేసరికి గడ్డంతా కాలిపోయి నేల నల్లగా ఉంది. గెంతులమ్మ బండ మీదే ఉంది. దాని వెనక కాళ్ళు రెండూ కాలి, వాచిపోయాయి.

"నువ్వు కదలొద్దన్నావుగా మామా. అందుకే చాలాసేపు కదల్లేదు. ఆఖరికి దిగితే కాళ్ళు కాలాయి, మళ్ళీ ఎక్కేశాను," అంది గెంతులమ్మ.

ఈము ముక్కుకి ఇంకా ఎర్రటి రసం అంటుకునే ఉంది. గబగబా బూడిదలో తుడుచుకుంది.

సాయంత్రం కంగారూ నీళ్ళ జాడ కనుక్కుని వచ్చింది. పిల్ల కాళ్ళు చూసింది. ఈము ముక్కు చూసింది. అరవలేదు, తిట్టలేదు.

"నువ్వుంటావనుకున్నాను అన్నా," అంది. అంతే.

ఎదురుగాలికి ఆలస్యమైందని చెబుదామనుకుంది ఈము. ఆ అబద్ధం గొంతు దాటి రాలేదు.

"పళ్ళ కోసం పోయాను చెల్లీ. తిని నిద్రపోయాను. నా వీపు మీద ఉన్నదంతా అదే," అని తల దించుకుంది. తన రెక్కలు చూసుకుంటే తనకే సిగ్గేసింది. వాటిని ఒంటికేసి గట్టిగా ముడిచి, ఈకల కింద దాచేసుకుంది.

మర్నాడు ఎండకి బండ పెనంలా కాలింది. గెంతులమ్మకి కాళ్ళు ఆనించుకునే చోటే లేదు. ఈము వచ్చి పక్కన చతికిలబడింది.

"నా మీద పెట్టుకో తల్లీ."

గెంతులమ్మ దాని వీపు మీద కాళ్ళు పెట్టుకుంది. ఎండ ముదిరేకొద్దీ లోపలి కొవ్వు కరిగి, చర్మంలోంచి నూనె ఊరింది. కాలిన చోటల్లా తడిసింది.

ఈము సిగ్గుతో చితికిపోయింది. "కాళ్ళు తీసెయ్ తల్లీ. అది నా తిండి కక్కుర్తి జిడ్డు."

"ఉండనీ మామా," అంది గెంతులమ్మ. "మంట తగ్గుతోంది."

ఈము మరి లేవలేదు. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, ఎనిమిది వారాలు అక్కడే కూర్చుంది. కంగారూ మొహం వైపు చూడలేక నేల చూపులు చూసేది. ఒక్క గింజ ముట్టలేదు. ఉన్న కొవ్వులో సగం దాని ప్రాణం నిలబెట్టింది, సగం పిల్ల కాళ్ళకి పోయింది. ముందు వాపు దిగింది. తర్వాత పుండు మానింది. ఆపైన లేత చర్మం వచ్చింది.

ఒక పొద్దున గెంతులమ్మ లేచి ఒక గెంతు గెంతింది. మరోటి గెంతింది.

కంగారూ నాలుగు పళ్ళు తెచ్చి ఈము ముందు పెట్టింది. "తిను అన్నా. నేనే పెడుతున్నా."

ఈము తల ఎత్తకుండానే తింది. తిన్నంతసేపూ దాని కళ్ళు కారుతూనే ఉన్నాయి. తర్వాత లేచి రెక్కలు విప్పబోతే, అవి అరచేతిలో పట్టేంత అయిపోయి ఉన్నాయి. అది దిగులుపడలేదు. నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

అప్పటినుంచే ఈము ఎగరదు. ఆ బుల్లి రెక్కల్ని ఈకల కిందే దాచుకుంటుంది. దాని వీపులో మళ్ళీ కొవ్వు చేరి నిలిచిపోయింది. కాలినా, వాచినా ఆ నూనె రాసుకునేవాళ్ళు ఈనాటికీ ఉన్నారు. తల్లి గుడ్లు పెట్టి వెళ్ళిపోయాక తండ్రి ఈము వాటి మీద కూర్చుంటుంది చూడండి, పళ్ళ వాసన ఎంత ఘుమఘుమలాడినా సరే, ఎనిమిది వారాలూ తిండి కోసం లేవదు.