సింగారయ్య ఏడు చరణాలు

అనగనగా ఒక అడవిలో ఒక వాగు ఉండేది. ఎండాకాలం వస్తే ఉండేది కాదు.

ఇది పొట్టి కథే పిల్లలూ. ఆ మాట చెప్పి మొదలుపెట్టి, మీరు నిద్రపోయాక కూడా గోడకి చెప్పుకుంటూ కూర్చుంటానని మీ అమ్మ అంటుంది. అందులో కొంత నిజం ఉంది. అందుకే ఈ కథలో సింగారయ్య అంటే నాకు కాస్త పక్షపాతం. తర్వాత మీరు పట్టుకోకముందే ఒప్పేసుకుంటున్నాను.

వాగు ఎండిపోతే ఇసుక మిగిలేది. ఆ ఇసుకలో ఒకచోట జంతువులన్నీ కలిసి చెలమ తవ్వేవి. చెలమ అంటే ఇసుకలో చిన్న గుంట. అడుగునుంచి నీళ్ళు మెల్లగా ఊరుతూ ఉంటాయి. దాని చుట్టూ ఒక్కసారికి ఒక్క గుంపుకే చోటు. మిగతావాళ్ళు వరసలో నిలబడాలి. పొద్దు నడినెత్తికి వచ్చేలోపు అందరి వంతూ అయిపోవాలి. ఆ తర్వాత ఇసుక కాలిపోతుంది. దానిమీద కాలు పెట్టడం ఎవరివల్లా కాదు. అది చల్లారేసరికి చీకటి పడుతుంది, చీకట్లో ఎలుగుబంటి తప్ప ఎవరూ నీళ్ళకి దిగరు.

మరి ఎవరు ఎంతసేపు తాగాలి? దానికి ఆ అడవిలో ఒక పద్ధతి ఉంది. చెలమ మీదకి వంగిన మద్దికొమ్మ మీద కూర్చుని ఒక పిట్ట పాడుతుంది. పాట మొదలవగానే ఒక గుంపు నీళ్ళలో మూతి పెట్టాలి. పాట అయిపోగానే మూతి తీయాలి. "ఇంక లేవండి" అని ఎవరైనా అంటే తగువు. "చెప్పడానికి నువ్వెవరు" అని దాని మీద ఇంకో తగువు. పాటతో మాత్రం ఎవరూ తగువు పెట్టుకోలేరు. అయిపోయిందంటే అయిపోయినట్టే.

ఆ కొమ్మ మీద పాడే పిట్టే సింగారయ్య. పికిలిపిట్ట. నెత్తిన నల్లటి కుచ్చు, తోక కింద ఎర్రటి మచ్చ. వాళ్ళ తాత నుంచి వచ్చిన పాట ఒకటి ఉంది ఆయనకి. ఒక పల్లవి, ఏడు చరణాలు. పల్లవి ఇలా ఉండేది:

ఊటమ్మా ఊరవే
ఊరి మా గొంతు తడపవే

ఈ రెండు ముక్కలకి ముందు ఆయన చాలాసేపు రాగం తీసేవాడు. కళ్ళు మూసుకుని తీసేవాడు. గొప్పవాళ్ళు కళ్ళు మూసుకుని పాడతారని ఎక్కడో విన్నాడు. కళ్ళు మూసుకుంటే గొప్పవాళ్ళమైపోతామని మిగతాది తనే అనుకున్నాడు. పాట తప్ప ఆయనకి ఇంకో పని రాదు. గూడు అల్లడం కూడా అంతంతమాత్రమే. గాలి వీస్తే పిల్లలకంటే ముందు ఆయనే కింద పడేవాడు. ఆ కొమ్మ ఒక్కటే ఆయన పరువూ, బతుకూ.

ఆ ఏడాది ఎండలు ముదిరాయి. చెలమలో ఊట తగ్గింది. వరస పెరిగింది. ఒకరోజు సింగారయ్య రాగం మధ్యలో ఉండగా నూకాలు అనే తేనెపిట్ట వచ్చి పక్కనే వాలింది. బొటనవేలంత పిట్ట. నోరు మాత్రం అంతకి నాలుగింతలు.

"సింగారయ్య బాబాయ్, ఒక మాట అడగనా?" అంది.

"అడుగమ్మా."

"నీ పాట ఎప్పుడు మొదలవుతుంది?"

"ఇందాకే మొదలైంది కదా."

"అలాగా. గొంతు సవరించుకుంటున్నావేమో అనుకున్నాను."

వరసలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. సింగారయ్య కుచ్చు నిక్కపొడుచుకుంది.

"నువ్వు పాడు చూద్దాం" అన్నాడు.

నూకాలు ముక్కు పైకెత్తి పాడింది:

గుక్కెడు గుక్కెడు తాగు
గట్టెక్కి చల్లగ సాగు

"ఊఁ, తర్వాత?" అన్నాడు సింగారయ్య.

"తర్వాతేముంది, అంతే."

"అది పాట కాదమ్మాయ్. తుమ్ము."

"తుమ్ముకి ఎవరూ ఆవులించరు బాబాయ్" అంది నూకాలు.

అప్పటికే కుందేళ్ళు ఆ రెండు ముక్కలూ పట్టేసి, చెవులు ఊపుకుంటూ పాడేస్తున్నాయి. సింగారయ్య పాట ఇన్నేళ్ళు విన్నా వాటికి మూడో చరణం రాదు.

వరస చూసే పెద్ద పోలయ్య అనే ఎలుగుబంటి. ఆయన చెవి గోక్కుని ఆలోచించాడు.

"రేపు సింగారయ్య పాడతాడు. ఎల్లుండి నూకాలు పాడుతుంది. ఎవరి పాటకి వరసలో ఆఖరివాడి దాకా దాహం తీరితే, ఈ కొమ్మ వాళ్ళది" అన్నాడు.

"నా పాటలో ఒక్క చరణం కూడా తగ్గించను మావా" అన్నాడు సింగారయ్య.

"తగ్గించమని నేనన్నానా?" అన్నాడు పోలయ్య.

మొదటి రోజు వచ్చింది. సింగారయ్య పొద్దున్నే గొంతు సవరించి, కళ్ళు మూసుకుని, రాగం అందుకున్నాడు. ముందు కుందేళ్ళు. రాగం పూర్తయ్యేసరికే వాటి కడుపులు నిండిపోయాయి. పాట అవకుండా లేస్తే మర్యాద కాదని అలాగే కూర్చున్నాయి. ఒక కుందేలు కునుకు తీసింది. రెండోది దాన్ని లేపబోయి తనూ కునుకు తీసింది.

తర్వాత అడవిపందుల గుంపు వచ్చింది. వాటి పెద్ద జోగులు. రెండో చరణానికి వాటి తాగడం అయిపోయింది. ఇంకా అయిదు చరణాలు ఉన్నాయి. ఊరికే కూర్చోవడం ఎందుకని చెలమలోకి దిగి పొర్లాయి. ఏడో చరణానికి చెలమలో నీళ్ళు లేవు. బురద ఉంది.

ఆ తర్వాతి వంతు గవరమ్మది. గవరమ్మ బాలింత దుప్పి. కడుపు కింద వారం రోజుల పిల్ల. ఆమె బురద వంక చూసి, పిల్ల వంక చూసి, నీళ్ళు ఊరతాయేమోనని నిలబడింది. అందరికంటే వెనక అప్పన్న తాత. ముసలి ముళ్ళపంది. ఒక్కో అడుగూ ఆలోచించి వేసే మనిషి. ఈలోగా పొద్దు నడినెత్తికి వచ్చింది. ఇసుక కాలింది. అందరూ వెనక్కి పోయారు.

సింగారయ్య పాట ముగించి కళ్ళు తెరిచాడు. కింద ఎవరూ లేరు.

"పాటకి పరవశించి, మాట రాక వెళ్ళిపోయారన్నమాట" అనుకున్నాడు.

"ఇసుక కాలి వెళ్ళిపోయారయ్యా" అన్నాడు పోలయ్య, మద్దిచెట్టు నీడలోంచి.

రెండో రోజు నూకాలు వంతు. సింగారయ్య దిగివచ్చి, చెలమ పక్కన ఒక రాతి మీద కూర్చున్నాడు. నూకాలు ఓడిపోవాలని కోరుకున్నాడు. అలా కోరుకోవడం తప్పని ఆయనకి తెలుసు. తెలిసే కోరుకున్నాడు.

నూకాలు పాడింది. కుందేళ్ళు మూతి పెట్టాయి, తాగాయి, తీశాయి. పాట వాటి కొలతకి కుట్టినట్టే ఉంది. సింగారయ్య మొహం ముడుచుకుంది.

పందులు మూతి పెట్టాయి. పాట అయిపోయింది.

"అదేంటి, అయిపోయిందా?" అన్నాడు జోగులు.

"అయిపోయింది. మళ్ళీ వరసలోకి రండి" అంది నూకాలు.

"నా నాలుక ఇంకా తడవలేదు తల్లీ."

"నాలుక వచ్చే వంతులో తడుపుకో."

పందులు గొణుక్కుంటూ వరస చివరికి వెళ్ళాయి. గవరమ్మ నాలుగు గుక్కలు తాగిందో లేదో పాట ఆగింది. ఆమె కూడా చివరికి వెళ్ళింది. తాగినవాళ్ళందరూ మళ్ళీ చివరికే వెళ్తుంటే వరస తరగలేదు. పాములా చుట్ట చుట్టుకుంది. అప్పన్న తాత సంగతి ఇంకా అన్యాయం. ఆయన నీటి అంచుకి చేరేసరికే పాట అయిపోయేది. మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ పొడి మూతితోనే తిరిగి వెళ్ళాడు.

సింగారయ్య లోపల్లోపల నవ్వుకున్నాడు. నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

గవరమ్మ నాలుగోసారి వచ్చింది. సింగారయ్య కూర్చున్న రాతికి జానెడు దూరంలో మూతి పెట్టింది. ఆమె గొంతు మీద చిన్న ఉబ్బు పైకీ కిందకీ కదలడం ఆయన చూశాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. పాట ఆగింది. ఆమె తల ఎత్తింది. గొంతు మాత్రం ఇంకా కదులుతూనే ఉంది, నీళ్ళు లేకుండానే. కింద పిల్ల పొదుగుని తలతో కుమ్ముతోంది. అందులో ఏమీ లేదు.

"నూకాలమ్మా, ఇంకొక్క గుక్క" అంది గవరమ్మ.

"నీకిస్తే అందరికీ ఇవ్వాలి వదినా. నేనేం చేయను?" అంది నూకాలు. ఆ మాట అనడం దానికీ కష్టంగానే ఉంది.

సింగారయ్య ఆ కొమ్మ మీద తొమ్మిది ఎండాకాలాలు పాడాడు. ఒక్క గొంతు కదలడం కూడా చూడలేదు. కళ్ళు మూసుకున్నవాడికి ఏం కనిపిస్తుంది? మిగిలిన పొద్దంతా ఆ రాతి మీంచి కదల్లేదు. ఎవరు తాగినా గొంతు వైపే చూశాడు. గుక్కలు లెక్కపెట్టాడు. కుందేలుకి పల్లవి చాలు. పంది ఇన్ని వంతుల్లో తాగిన గుక్కలన్నీ కలిపితే రెండు చరణాలు. గవరమ్మకి ఎంత కావాలో తెలియలేదు. ఆమె ఎప్పుడూ పూర్తిగా తాగనేలేదు కదా.

ఆ రోజు కూడా ఇసుక కాలింది. సగం వరస దాహంతోనే వెనక్కి పోయింది.

"ఇద్దరూ ఓడారు. రేపు ఎవరు పాడతారు?" అన్నాడు పోలయ్య.

నూకాలు కొమ్మ దిగి రాతి మీద వాలింది.

"నేను" అన్నాడు సింగారయ్య.

"మళ్ళీ తప్పితే?"

"కొమ్మ దిగిపోతాను మావా. ఇంక ఎక్కను."

చీకటిపడే వేళ ఆయన పోలయ్యని బతిమాలి చెలమ దగ్గర కూర్చోబెట్టాడు. పోలయ్య నీళ్ళు నాకుతుంటే పాడాడు. మూడో చరణం సగంలో టక్కున ఆపేశాడు. పోలయ్య మూతి తీయలేదు.

"లే మావా. పాట అయిపోయింది."

"ఎక్కడ అయింది? దగ్గొచ్చి ఆగావనుకున్నాను."

చూశారా, అదీ చిక్కు. పాటని ఎక్కడపడితే అక్కడ తుంచితే తెగినట్టు ఉంటుందే తప్ప ముగిసినట్టు ఉండదు. సింగారయ్య మళ్ళీ పాడాడు. మళ్ళీ తప్పాడు. పోలయ్య పొట్ట కుండలా అయింది. పదకొండోసారి దారి దొరికింది. చరణం ఏదైనా కానీ, దాని చివర పల్లవికి తిరిగొచ్చి, ఆఖరి మాటని కాస్త కిందకి దించి వదలాలి. అప్పుడు పాట ఇల్లు చేరినట్టు ఉంటుంది. పోలయ్య తనకి తెలియకుండానే తల ఎత్తాడు.

"ఇంక నన్ను వదిలెయ్యవయ్యా, కడుపులో వాగు పారుతోంది" అన్నాడు.

మూడో రోజు తెల్లవారింది. సింగారయ్య కొమ్మ ఎక్కాడు. రాగం తీయాలని గొంతు దురద పెట్టింది. మింగేశాడు. కళ్ళు మూతపడబోయాయి. గట్టిగా తెరిచాడు.

కుందేళ్ళకి పల్లవి పాడాడు. రెండే ముక్కలు. అవి తల ఎత్తి, ఇదేంటి ఇంత తొందరగా అన్నట్టు చూసి, గంతులేసుకుంటూ పోయాయి.

తర్వాత గవరమ్మ. ఆ రోజు పందులకంటే ముందే వచ్చి వరసలో నిలబడింది. ఒకటో చరణం అయింది. గొంతు కదులుతోంది. రెండు అయింది, మూడు అయింది. వెనక పందులు కాళ్ళతో ఇసుక తవ్వడం మొదలుపెట్టాయి.

"కుందేళ్ళకి రెండు ముక్కలు. ఈవిడకి ఇన్ని చరణాలా? ఇదేం లెక్క?" అన్నాడు జోగులు.

సింగారయ్య జవాబు చెప్పలేడు. నోరు మాటకి వాడితే పాట ఆగుతుంది. పాట ఆగితే గవరమ్మ తల ఎత్తాలి. నాలుగో చరణం ఎత్తుకున్నాడు.

"ఓయ్, నిన్నే" అన్నాడు జోగులు ఇంకా గట్టిగా.

అప్పుడు నూకాలు రాతి మీంచి లేచి, జోగులు ముట్టె ముందుకొచ్చి రెక్కలాడిస్తూ నిలబడింది.

"నీ గోల ఆపి ఆవిడ గొంతు చూడు మావా. ఆ పిల్లని చూడు. నిన్న ఆవిణ్ణి నాలుగుసార్లు వెనక్కి పంపింది నేనే" అంది.

జోగులు చూశాడు. గుంపంతా చూసింది. అయిదో చరణం, ఆరో చరణం. ఏడో చరణం మధ్యలో గవరమ్మ గొంతు నిదానించింది. సింగారయ్య పల్లవికి వచ్చి, ఆఖరి మాట కిందకి దించి వదిలాడు. గవరమ్మ తల ఎత్తింది. గడ్డం నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"చాలన్నా" అంది.

పందులకి రెండు చరణాలు. పొర్లడానికి టైము దొరకలేదు. నీళ్ళు తేటగా మిగిలాయి. వరస జరిగింది. ఒకరికి పల్లవి, ఒకరికి చరణం, ఒకరికి మూడు. ఎండ ఎక్కుతోంది. ఆఖరికి అప్పన్న తాత ఒక్కడే మిగిలాడు. ఒక్కో అడుగూ ఆలోచించి వేస్తూ వచ్చాడు. ఆయన నీళ్ళు అందుకునేదాకా సింగారయ్య పాట మొదలుపెట్టలేదు. అది కూడా కళ్ళు తెరిచినందువల్లే తెలిసింది.

తాత మెల్లగా తాగాడు. గుక్కకీ గుక్కకీ మధ్య ఊపిరి తీసుకున్నాడు. ఏడు చరణాలూ అయిపోయాయి. తాత గొంతు ఇంకా కదులుతోంది. సింగారయ్య దగ్గర ఇంక పాట లేదు. వాళ్ళ తాత ఇచ్చింది అంతే. గొంతు కూడా బొంగురుపోయింది.

అయినా ఆపలేదు. ఎనిమిదో చరణం అక్కడికక్కడే కట్టాడు. అంత బాగా రాలేదు. ఒకచోట "ఇసుక" అన్న మాట మూడుసార్లు వచ్చింది. ఒకచోట మాట తట్టక ఊఁ ఊఁ అని నెట్టుకొచ్చాడు. తాత మాత్రం ఆఖరి గుక్క మింగి, మూతి తీసి, ముళ్ళు ఒకసారి విదిల్చుకున్నాడు. ఇసుక ఇంకా కాలలేదు.

"కొమ్మ నీదేనయ్యా" అన్నాడు పోలయ్య.

సింగారయ్య పొద్దున్నుంచి ఒక్క చుక్క తాగలేదు. కొమ్మ దిగి చెలమ అంచున వాలి, ముక్కు ముంచాడు. పాట లేకుండా తాగడం పద్ధతి కాదని అప్పుడు గుర్తొచ్చి ఆగాడు.

కొమ్మ మీద నుంచి సన్నటి గొంతు వినిపించింది.

గుక్కెడు గుక్కెడు తాగు
గట్టెక్కి చల్లగ సాగు

సింగారయ్య తాగాడు. ఆ పాట చిన్నదని ఆయనకి తెలుసు. ఇప్పుడు ఆగిపోతుందనుకున్నాడు. ఆగలేదు. నూకాలు కిందికి వంగి, ఆయన గొంతు వంకే చూస్తూ, అదే పాట మళ్ళీ అందుకుంది. తర్వాత మళ్ళీ. అయిదోసారికి ఆయన ముక్కు పైకెత్తాడు. అప్పుడు ఆపింది.

నీతి: పాట పొట్టిదైతే గొప్పా, పొడుగుదైతే గొప్పా అని కాదు, ఎదుటివాడి దాహం ఎంతో చూసి పాడినదే మంచి పాట.