గువ్వలంక వాళ్ళు పాత మోటారు పడవ కొన్న విధం

గోదావరి మధ్యలో గువ్వలంక అని ఒక లంక. ఆ లంకలో తెలివైనవాళ్ళెవరని అడిగితే నరసాయమ్మ కొడుకులు ముగ్గురూ ఒకేసారి చెయ్యెత్తుతారు. అడగకపోయినా ఎత్తుతారు. పెద్దవాడు పైడయ్య, నడిపివాడు వరదయ్య, చిన్నవాడు చిట్టబ్బాయి. "మా ఇంట్లో ఉన్న తెలివి పంచితే లంక మొత్తానికీ సరిపోద్దండి. పంచేస్తే మాకు తగ్గిపోద్దని ఊరుకున్నాం" అంటాడు పైడయ్య. కాస్త పెట్టమని లంకవాళ్ళూ ఎప్పుడూ అడగలేదు, పాపం.

వాళ్ళలో ఒక గొప్ప గుణం ఉంది. ఎవరు ఏ పని చెప్పినా చెప్పినంతా చేస్తారు, అంతకు మించి వేలు కూడా కదపరు. ఓసారి తల్లి "పాలు పొంగుతాయేమో చూస్తూ ఉండరా" అని పెరట్లోకి వెళ్ళింది. చిట్టబ్బాయి చూశాడు. పొంగాయి. పొయ్యి ఆరిపోయేదాకా కన్నార్పకుండా చూసి, "పొంగాయమ్మా, మొత్తం చూశాను" అన్నాడు. నరసాయమ్మ మురిసిపోయి వాడికి దిష్టి తీసింది. తల్లి కూడా ఆ ఇంటి మనిషే మరి.

నరసాయమ్మకి రెండు కళ్ళలోనూ శుక్లాలు. మూడు నెలల కింద పైడయ్యకి కొడుకు పుట్టాడు. ఆమె మనవణ్ణి చేత్తో తడిమిందే గానీ కళ్ళారా చూసింది లేదు. పిల్లాడి ముక్కు తాతదని కొందరు, నాయనమ్మదని కొందరు ఇంట్లో ఒకటే వాదన. "నాకెవరూ చెప్పకండి. నేనే చూసి చెప్తాను" అని కూర్చుంది ఆవిడ. అవతలి గట్టున రేవుపాలెంలో కళ్ళ డాక్టర్లు వచ్చి ఉచితంగా ఆపరేషన్లు చేస్తుంటే, గురువారం పదింటికి రమ్మని ఆమె పేరు రాసి చీటీ ఇచ్చారు. శిబిరానికి అదే ఆఖరి రోజు. సరిగ్గా ఆ గురువారం నుంచే రేవు దాటించే పంటు మరమ్మతుకి పోతోంది.

"అయితే మనమే ఓ మోటారు పడవ కొనేద్దాం" అన్నాడు పైడయ్య. అరటి గెలలు అమ్మిన డబ్బు ఇంట్లోనే ఉంది. కొత్తది కొనడానికి చాలదు, పాతదానికి చాలుతుంది. ఇంకేముంది, ముగ్గురూ వెళ్ళి ముత్యాలు తాత ముందు కూర్చున్నారు. ఆయన ఒకప్పుడు లాంచీ నడిపే సరంగు. ముప్పై ఏళ్ళు గోదావరి మీద తిరిగినవాడు.

"పాత పడవ కొనడమంటే మాటలు కాదురా" అని మొదలుపెట్టి తాత పొద్దుగూకేదాకా జాగ్రత్తలు చెప్పాడు. అన్నీ మంచి మాటలే. నాలుగు డబ్బులున్న ఏ బుద్ధిమంతుడికైనా పనికొచ్చేవే. అవి ఎవరికి చెబుతున్నానో అని మాత్రం తాత ఒక్క క్షణం ఆలోచించలేదు. అదే ఆయన చేసిన తప్పు.

బుధవారం పొద్దున్నే అన్నదమ్ములు పంటు ఎక్కారు. పంటు నడిపే అతను, "రేపట్నించి పంటు లేదు కదండి, అమ్మగార్ని కూడా ఇవాళే తీసుకొచ్చేయొచ్చుగా? ఓ పూట రేవుపాలెంలో ఉంటారు" అన్నాడు.

వరదయ్య జాలిగా నవ్వాడు. "అమ్మని దాటించడానికేనండి పడవ కొంటన్నాం. అమ్మ ఇవాళే దాటేత్తే ఇక పడవ దేనికండి?"

పంటు అతను వెళ్ళి పంటు కట్టు విప్పాడు.

రేవుపాలెంలో పాపారావు అనే ఆయన దగ్గర అమ్మకానికి ఒక పడవ ఉంది. నీలం రంగు, వెనక ఇంజను, మధ్యలో రెండు బల్లలు. 'మీకు పడవ మీద మోజున్నట్టు అమ్మేవాడికి తెలియనివ్వకండి' అని ముత్యాలు తాత చెప్పాడు. అంతే, ముగ్గురూ పడవ వైపు వీపు తిప్పి నిలబడ్డారు.

"పడవ చూడ్డానికొచ్చారా బాబూ?" అన్నాడు పాపారావు.

"లేదండి. మాకు పడవలంటే అసయ్యం" అన్నాడు పైడయ్య.

"మరెందుకొచ్చారు?"

"కొంటాకేనండి. ఆ సంగతి మీకు తెలీకూడదు."

పాపారావు నవ్వాలో ఊరుకోవాలో తేల్చుకోలేక పక్కకి జరిగాడు. 'రంగు చూసి మోసపోకండి, రంగు కింద ఏముందో చూడండి' అన్నది రెండో మాట. వరదయ్య సంచీలోంచి కొబ్బరి కోరాం తీశాడు. చిట్టబ్బాయి అట్లకాడ తీశాడు. రెండూ ఇంట్లోంచి మోసుకొచ్చినవే. పాపారావు టీ తాగి వచ్చేసరికి పడవకి నీలం చుక్క మిగల్లేదు.

"అయ్యో అయ్యో! ఇదేం పనయ్యా?"

"మీరు మంచివారండి. రంగు కింద చెక్కే ఉంది" అని పైడయ్య ఆయన భుజం తట్టాడు. వరదయ్య కాస్త వెనక్కి నిలబడి పడవని ఎగాదిగా చూసి, "అంతా బానే ఉంది గానండి, రంగు లేని పడవకి అంత ధరెందుకండి? కొంచెం తగ్గించండి" అన్నాడు.

'అడుగు చెక్క తట్టి, చెవి పెట్టి వినండి' అన్నది ఆ తర్వాతి మాట. చిట్టబ్బాయి పడవలోపలికి దూరి బల్ల కింద పడుకుని చెవి పెట్టాడు. పైడయ్య బయట నుంచి టకటక తట్టాడు. లోపలున్నవాడికి ఎవరో తలుపు కొట్టినట్టనిపించింది.

"ఎవరదీ?" అన్నాడు చిట్టబ్బాయి.

పైడయ్య వెనక్కి గెంతాడు. "ఒరే వరదా, చెక్క మాట్లాడిందిరా! గొంతు అచ్చం మన చిట్టబ్బాయిదే."

"మన లంక చెక్కయ్యుంటదన్నా" అన్నాడు వరదయ్య. దాంతో పడవ మీద నమ్మకం ఇంకాస్త పెరిగింది.

ఇక ఇంజను. 'అమ్మేవాళ్ళు ముందే ఇంజను నడిపి వేడెక్కించి ఉంచుతారు, చల్లగా ఉన్నప్పుడు తాడు ఒక్క గుంజు గుంజగానే అందుకుంటేనే అది మంచి ఇంజను' అని తాత చెప్పాడు. వరదయ్య ఇంజను మీద చెయ్యి వేశాడు. మిట్టమధ్యాహ్నం ఎండకి కాలిపోతోంది. అంతే, తడిగోనె తెచ్చి కప్పారు. చాల్లేదు. ఐసు ముక్కలు కొనుక్కొచ్చి పేర్చారు. అదీ చాల్లేదు. చిట్టబ్బాయి ఎక్కణ్ణుంచో చెంబెడు మజ్జిగ తెచ్చి, పాపారావు పరుగెత్తుకొచ్చేలోపే పెట్రోలు పోసే చోట మూత తీసి పోసేశాడు. "లోపలి వేడికి మజ్జిగే మందండి" అన్నాడు.

పాపారావు ఇంజను విప్పి, కడిగి, తుడిచి, కొత్త పెట్రోలు పోశాడు. మూడు గంటలు పట్టింది. చల్లబడ్డ ఇంజను ఒక్క గుంజుకే అందుకుంది. అప్పటికే ఆయన ధర తగ్గించేశాడు. ఎంత తొందరగా వదిలితే అంత మంచిదనిపించింది ఆ మనిషికి. నాకైనా అదే అనిపించేది.

చివరగా పడవని నీళ్ళలో దింపి, 'లోపలికి నీళ్ళొస్తాయేమో ఓ గంట చూడండి' అన్న మాట ప్రకారం ముగ్గురూ అందులో కూర్చుని కింద చెక్క వంకే చూడసాగారు. చుక్క రాలేదు. పడవ నిజంగా మంచిదే మరి. ఇంతలో మబ్బుపట్టి జల్లు పడింది.

"పాపారావుగారూ! కారతంది!" అని కేకేశాడు వరదయ్య.

"ఎక్కడ?"

"పైనించండి."

"అది వానయ్యా!"

"వానని పేరెడితే నీళ్ళు కాకుండా పోతయ్యాండి? పడవలోకి నీళ్ళొచ్చినయ్యా లేదా, అది చెప్పండి."

పాపారావు తన గొడుగు తెచ్చి వాళ్ళ చేతిలో పెట్టాడు. గొడుగు విప్పగానే కారడం ఆగిపోయింది. ముగ్గురూ సంతోషించి డబ్బిచ్చేశారు.

వీళ్ళని ఒంటరిగా గోదాట్లోకి వదలడానికి ఆయనకి మనసొప్పలేదు. తన పడవ వెనక ఈ పడవని తాడుతో కట్టి, వాళ్ళని తన పక్కనే కూర్చోబెట్టుకుని గువ్వలంక దాకా లాక్కొచ్చాడు. గట్టు మీద నరసాయమ్మని చూసి, ఆపరేషన్ సంగతి విన్నాక ఆయన మెత్తబడ్డాడు. "అమ్మా, నేనెటూ తిరిగి వెళ్తున్నాను. నాతో రండి. మా ఇంట్లో పడుకుని పొద్దున్నే శిబిరానికెళ్దురు గాని" అన్నాడు.

"ఇంట్లో సొంత పడవుండగా మా అమ్మ ఒకరి పడవెక్కుద్దాండి?" అన్నాడు పైడయ్య.

నరసాయమ్మ కూడా తల పైకెత్తి, "అదే కదండి మరి" అంది. పాపారావు దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

గురువారం పొద్దున్న ఏడున్నరకే నరసాయమ్మ అంచు చీర కట్టుకుని, చీటీ కొంగున ముడేసుకుని రేవుకొచ్చింది. కోడలు పిల్లాణ్ణి తెచ్చి ఒకసారి ఆమె చేతికిచ్చింది. ఆవిడ వాడి ముక్కు మీద వేలు రాస్తూ, "వారం ఆగరా తండ్రీ, నీ ముక్కు సంగతి తేల్చేస్తాను" అంది. నిజానికి వాడి ముక్కు ఎవరిదైనా ఆమెకి ఒకటే. వాడు నవ్వుతాడని అందరూ చెబుతుంటే ఆ నవ్వు ఒక్కసారి చూడాలని ఆమె ఆశ.

ముగ్గురూ కలిసి తల్లిని పడవెక్కించారు. పైడయ్య ఇంజను తాడు పట్టుకున్నాడు. అప్పుడు వరదయ్య "ఆగండాగండి!" అని అరిచాడు. "తాత ఇంకో మాట చెప్పాడు కదా! 'మనుషుల్ని ఎక్కించే ముందు ఖాళీ పడవని ఒకసారి అవతలి గట్టుదాకా నడిపి చూడండి' అన్నాడా లేదా?"

"అన్నాడు! మంచి మాట గుర్తుచేశావురా" అని పైడయ్య చెంపలేసుకున్నాడు. అంతే, తల్లిని దింపారు. అన్నం క్యారియర్ దింపారు. పాపారావు గొడుగు కూడా దింపారు. పైడయ్య వెళ్ళి ఇంజను దగ్గర కూర్చున్నాడు.

చిట్టబ్బాయి కళ్ళు చికిలించాడు. "అన్నా, నువ్వుంటే అది ఖాళీ ఎలాగవుద్ది?"

నిజమే కదా. ఇంకేముంది, చుక్కాని తిన్నగా పెట్టి తాడుతో కట్టేశారు. పైడయ్య నీళ్ళలో నిలబడి ఒక్క గుంజు గుంజాడు. ఇంజను అందుకుంది. పడవ బుడబుడమంటూ తనంతట తానే గోదాట్లోకి సాగిపోయింది.

"ఏమవుతోందిరా?" అంది తల్లి.

"ఎల్తాందమ్మా! వంకర లేకుండా ఎల్తాంది. బంగారంలాంటి పడవమ్మా!"

ఎనిమిదిన్నరకి అవతలి గట్టున పాపారావు ఆ పడవని చూశాడు. రంగు లేదు, మనుషులూ లేరు. గొల్లుమన్నాడు. నలుగురూ మునిగిపోయారనుకుని చుక్కాని కట్టు విప్పి, అదే పడవెక్కి గువ్వలంకకి పరుగున వచ్చాడు. తీరా చూస్తే గట్టు మీద అందరూ చప్పట్లు కొడుతూ ఎదురొచ్చారు. జరిగింది విన్నాక ఆయనకి కోపం రావలసింది పోయి ఏడుపొచ్చింది.

"సరేలెండి. టైము తొమ్మిదింబావు. అరగంటలో దాటించేస్తాను. రండమ్మా, ఎక్కండి" అని చెయ్యందించాడు. నరసాయమ్మ కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని నీళ్ళలో కాలు పెట్టింది.

వరదయ్య అడ్డం వచ్చాడు. "ఏవండీ, మీరు ఇందులోనే కూర్చునొచ్చారా?"

"కూర్చోకుండా ఎలా వస్తానయ్యా?"

"చూశావా అన్నా! ఎల్లేటప్పుడు ఖాళీగా ఎల్లింది. వచ్చేటప్పుడు ఈయన ఎక్కి పరీక్ష పాడుచేశాడు."

పైడయ్య తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుని వెనక్కి తీసుకొచ్చాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మాకున్నది ఒక్కతే అమ్మండి. ఆవిడ ప్రాణంతో ఆటలాడమంటారా?"

పాపారావు వాళ్ళకి నచ్చజెబుదామని గట్టెక్కాడు. చేతులు పట్టుకున్నాడు, గడ్డాలు పట్టుకున్నాడు. ఆయన అలా బతిమాలుతుండగానే వెనకాల బుడబుడ చప్పుడైంది. చిట్టబ్బాయి చుక్కాని కట్టేసి, తాడు గుంజి, పడవని మళ్ళీ పంపేశాడు.

"మరి నేనెలా పోనయ్యా?" అన్నాడు పాపారావు నీరసంగా.

"పడవ రానివ్వండి. ముందు మిమ్మల్నే దింపుతాం" అన్నాడు పైడయ్య.

అవతల రేవుపాలెం గట్టుకి పడవ సరిగ్గా పదింటికి చేరింది. డాక్టరుగారు చెప్పిన టైము అదే. "చూశావా అమ్మా, ఒక్క నిమిషం అటూ ఇటూ కాలేదు!" అని అన్నదమ్ములు ముగ్గురూ మళ్ళీ చప్పట్లు కొట్టారు. నరసాయమ్మ మనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వాడి చేతులు రెండూ వెతికి పట్టుకుని, వాడి చేత కూడా కొట్టించింది.