నూకరత్నం వేళ్ళు

"మాస్టారండీ, అన్నిటికీ పనికొచ్చే సెట్టింగు ఒక్కటి చెప్పెయ్యండి. రాసుకుంటాను, మళ్ళీ మిమ్మల్ని విసిగించను" అని సువార్త అడగడం ఆ వారంలో అది నాలుగోసారి.

రావులపాలెంలో ముత్యాలరావు మాస్టారి స్టూడియోలో పని నేర్చుకోవడానికి ఆమె చేరి ఎనిమిది నెలలైంది. ముప్పయ్యేళ్ళ మనిషి. అంతకుముందు ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేది. లెక్కకి ఒక జవాబుంటుంది, దాని కింద రెండు గీతలు గీసి ఊపిరి పీల్చుకోవచ్చు. కెమెరా మెనూ తెరిస్తే ఆ సుఖం లేదు. ఫొటోకి పెద్ద సైజు, మధ్య సైజు, చిన్న సైజు, వాటిలో మళ్ళీ నాణ్యతలు. వీడియోకి వచ్చేసరికి బొమ్మ ఎంత పెద్దదన్నది ఒక లెక్క, సెకనుకి ఎన్ని బొమ్మలన్నది ఇంకో లెక్క. మాస్టారేమో పెళ్ళికి ఒకటి పెట్టేవారు, పాస్‌పోర్టు ఫొటోకి ఒకటి, పందెం కోడికి మరొకటి. ఎందుకండీ అంటే "చూద్దాంలేమ్మా" అనేవారు. ఆ మనిషి దగ్గర జవాబు రాబట్టడం కన్నా గోదావరికి ఎదురీదడం తేలికని ఆమెకి ఎన్నోసార్లు అనిపించింది.

నిజానికి జవాబు తనకి తెలుసుననే సువార్త నమ్మకం. అన్నిటికన్నా పెద్దదే అన్నిటికన్నా మంచిది. పెద్దదాన్ని తరవాత చిన్నది చేసుకోవచ్చు, చిన్నదాన్ని పెద్దది చెయ్యలేం. ఇందులో తప్పేముంది? అంత ఖరీదైన కెమెరా కొని మాస్టారు దాన్ని సగం సైజులో వాడుతుంటే, పట్టుచీర కొని బీరువాలో పెట్టుకున్నట్టుగా ఉండేది ఆమెకి. ఆయన నోటితో ఆ ఒక్క మాటా అనిపించాలని ఆమె పట్టుదల.

ఆ గురువారం పొద్దున్న తొమ్మిదింటికి గోదావరి లంకల్లోంచి ఒక కుటుంబం వచ్చింది. సూరిబాబు కొబ్బరికాయలు దింపే మనిషి. అతని భార్య నూకరత్నానికి పుట్టుకతోనే వినికిడి లేదు, మాట లేదు. వాళ్ళ ఆరేళ్ళ పిల్ల సిరికీ అంతే. ఆ ఇంట్లో ముగ్గురూ మాట్లాడుకునేది చేతులతోనే. నూకరత్నం తన కుడిచేతిని ఎడంచేతిలో పెట్టుకుని, నిద్రపోతున్న పసిబిడ్డని పట్టుకున్నంత జాగ్రత్తగా నిలబడింది. ఆ అరచేతిలో, వేళ్ళ మొదట్లో, ఉసిరికాయంత గడ్డ ఉంది.

"రేపు కాకినాడలో ఆపరేషనండి" అన్నాడు సూరిబాబు. "కుడిచేతికి మూడు వేళ్ళు తీసేస్తారంటండి. గడ్డ ఎముకలోకి పాకిందన్నారు. తీసేస్తే మనిషి దక్కుద్దన్నారండి, అది చాలు మాకు. కాకపోతే మా పిల్లుంది చూశారా, వాళ్ళమ్మ చేతులు చూసే మాటలు నేర్చుకుంటుందండి. ఇంకా సగం మాటలు కూడా రాలేదు. పది వేళ్ళూ ఉండగా మా ఆవిడ చెప్పే కథ ఒకటి తీసి పెట్టండి. పదకొండున్నరకి మాకు బస్సండి."

మాస్టారు అప్పుడే బయల్దేరబోతున్నారు. తాసిల్దారు ఆఫీసులో ఎవరికో బదిలీ అయితే వీడ్కోలు ఫొటో ఉంది, వాళ్ళు రెండుసార్లు ఫోను చేశారు. ఆయన నూకరత్నం చేతికేసి కాసేపు చూసి, "నువ్వు తియ్యమ్మా, పది దాటాక వచ్చేస్తాను" అన్నారు సువార్తతో. ఏ సెట్టింగులో తియ్యమంటారని అడుగుతుంటే, "వాళ్ళకి కావలసినట్టు తియ్యి" అని స్కూటరెక్కేశారు. ఇదీ ఒక జవాబేనా అని సువార్త లోపల్లోపల విసుక్కుంది.

కాని పనిలో మాత్రం మనసంతా పెట్టింది. వీళ్ళకి తక్కువది ఇవ్వకూడదు, ఉన్నవాటిలో గొప్పది ఇవ్వాలి అనుకుంది. వీడియో మెనూలో అన్నిటికన్నా పెద్ద సైజు పెట్టింది. ఆ సైజులో ఆ కెమెరా సెకనుకి ఇరవై అయిదు బొమ్మలే తీస్తుంది. సినిమాల్లో దాదాపు అంతే కదా అని సరిపెట్టుకుంది. కిటికీకి తెర వేసి, ఒక్క పక్కనుంచి వెన్నలాంటి వెలుగు పడేలా చేసింది. వెలుగు తగ్గింది కనక, ఒక్కో బొమ్మకీ కెమెరా రెప్పలాంటి షట్టరు ఎక్కువసేపు తెరుచుకుని ఉండేటట్టు సర్దింది. వెనకున్న గోడ, కుర్చీలు మసకగా కరిగిపోయాయి.

తరవాత స్టూడియో అలవాటు ప్రకారం, రికార్డింగులో చప్పుడు పడకూడదని ఫ్యాను ఆపింది, తలుపు వేసింది. నూకరత్నం పమిటకి మైకు తగిలించింది. సూరిబాబు ఆ మైకుకేసి చూశాడు, సువార్తకేసి చూశాడు, పెద్దవాళ్ళ పని పెద్దవాళ్ళకి తెలుస్తుందనుకున్నాడేమో, మర్యాదగా ఊరుకున్నాడు. పాపం నూకరత్నానికి నుదుటి మీద చెమట కారుతూనే ఉంది.

ఆమె చెప్పింది సిరి పుట్టిన రోజు కథ. అంతకుముందే సూరిబాబు దాన్ని సువార్తకి మాటల్లో చెప్పాడు. వరదొచ్చి రేవులో పడవలు ఆగిపోయాయి. కాన్పు చెయ్యడానికి నర్సమ్మ ఒక చిన్న నావలో, గొడుగేసుకుని బయల్దేరింది. నడిమధ్యలో గాలికి ఆ గొడుగు తిరగబడింది. అది చూసి నావవాడు నవ్వీ నవ్వీ తెడ్డు నీళ్ళలో వదిలేశాడు. నర్సమ్మ తిట్టుకుంటూ విరిగిన గొడుగుతోనే నీళ్ళు తోసుకుంటూ ఒడ్డెక్కేసరికి, సిరి ముందే వచ్చేసి ఏడుస్తోంది. రోజూ అన్నం తినేముందు సిరికి ఈ కథ కావాలి. చెబుతూ చెబుతూ నూకరత్నం మధ్యలో ఒకసారి ఆగి, కుడి మణికట్టు నొక్కి పట్టుకుని, పళ్ళు బిగించి మళ్ళీ మొదలుపెట్టింది. ఆ ఆగిన క్షణంలో సువార్తకి కళ్ళు చెమర్చాయి.

అయ్యాక పెద్ద టీవీకి కలిపి వేసి చూపించింది. ఏం రంగులు! నూకరత్నం చెంప మీద వెలుగు, ముక్కుపుడక మెరుపు, వెనక మెత్తటి చీకటి. "సినిమాలా ఉందండి" అని సూరిబాబు తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. సరిగ్గా అప్పుడే మాస్టారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. సువార్త ఆయన ముఖంలోకి చూసింది. పెద్దదే మంచిదని ఇవాళైనా ఆ మాట అంటారు, అనక తప్పదు అనుకుంది.

మాస్టారు టీవీ వైపు ఒక్కసారే చూశారు. ఆ తరవాత ఆయన చూసిందంతా సిరిని. పిల్ల టీవీ ముందు నేల మీద కూర్చుని, మెడ చాచి, కనురెప్ప వెయ్యకుండా చూస్తోంది. చూసి చూసి లేచి, టీవీ దగ్గరికి వెళ్ళి, తల్లి చేతులున్న చోట గాజు మీద వేలితో రుద్దింది, మరకేదో అంటుకున్నట్టు. ఆ తరవాత తండ్రి వైపు తిరిగి చేతులతో ఏదో అడిగింది. సూరిబాబు తల దించుకున్నాడు.

"ఏమంటోంది?" అన్నారు మాస్టారు.

"గొడుగు ఎప్పుడు తిరగబడుద్దని అడుగుతుందండి." అతను ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు. "అది ఇందాకే అయిపోయిందండి. నేను మనసులో చెప్పుకుంటూ చూశాను కాబట్టి నాకు కనపడిపోయిందండి."

సువార్త వెనక్కి తిప్పి అక్కడ ఆపింది. గొడుగు తిరగబడటమంటే, మూసిన పిడికిలి చటుక్కున అయిదు వేళ్ళుగా విచ్చుకోవాలి. తెర మీద పిడికిలీ లేదు, వేళ్ళూ లేవు. కుంపటి మీంచి లేచే పొగలాగ తెల్లటి చార ఒకటి ఉంది. ముందుకి జరిపింది. తెడ్డు జారిన చోటా అంతే, వరద ఎన్ని రోజులో లెక్క చెప్పిన చోటా అంతే. ముఖం మాత్రం అద్భుతంగా ఉంది. షట్టరు తెరుచుకుని ఉన్నంతసేపూ వేళ్ళు పరిగెత్తుతూనే ఉన్నాయి, బొమ్మకి చిక్కలేదు.

"దీనికన్నా పెద్ద సెట్టింగు కెమెరాలో లేదు మాస్టారండీ" అంది సువార్త. అంటున్నప్పుడే ఆ మాట తనకే ఎబ్బెట్టుగా వినిపించింది. మాస్టారు తలెత్తి టైము చూశారు. గోడ గడియారంలో పదీ ఇరవై. నూకరత్నం ఒళ్ళో కుడిచెయ్యి కాస్త వాచింది. ఆ చేత్తో ఆమెని మళ్ళీ మొదటినుంచీ చెప్పమని అడగాలి. లెక్క తప్పితే కొట్టేసి మళ్ళీ చెయ్యొచ్చు, ఇక్కడ మళ్ళీ చెయ్యాల్సింది తను కాదు, నొప్పి తనది కాదు.

వెళ్ళి ఆమె ముందు కింద కూర్చుంది. సైగలు రావు కనక, టీవీలోని ఆ తెల్లటి చారని చూపించింది, తన గుండె మీద చెయ్యి వేసుకుని తప్పు నాదంది, రెండు చేతులూ జోడించింది. నూకరత్నం టీవీని చూసింది, నిలబడి ఉన్న పిల్లని చూసింది. ఎవరూ విప్పి చెప్పనక్కర్లేకపోయింది. పమిటకున్న మైకు తనే తీసి సువార్త అరచేతిలో పెట్టి లేచింది. లేస్తూ చిన్నగా నవ్వింది కూడా. ఆ నవ్వుకి సువార్త కళ్ళలో నీళ్ళు ఆగలేదు.

ఈసారి సువార్త మాస్టారిని ఏమీ అడగలేదు. కుర్చీ తీసుకెళ్ళి పెరట్లో, నిండు ఎండలో వేసింది. బొమ్మ సైజు సగానికి తగ్గిస్తే ఆ కెమెరా సెకనుకి యాభై బొమ్మలు తీస్తుంది, ఆ సగమే పెట్టింది. షట్టరు చటుక్కున తెరుచుకుని చటుక్కున మూసుకునేలా సర్దింది. చేతులు ముందుకొచ్చినా వెనక్కెళ్ళినా స్పష్టంగా ఉండేలా చేసింది, దాంతో వెనకున్నవన్నీ కూడా స్పష్టంగా వచ్చి కూర్చున్నాయి: సున్నం రాలిన గోడ, నీళ్ళ గొట్టం, తిరగేసిన బకెట్టు. కథంతా వద్దని, నొప్పి లేని ఎడంచేత్తో గొడుగు ఒక్కటీ చూపించమని సూరిబాబు చేత చెప్పించింది. తీసింది, కెమెరా వెనకున్న చిన్న తెరలో సిరికి చూపించింది. సిరి పెదవి విరిచింది. షట్టరు సమయం ఇంకా తగ్గించి మళ్ళీ తీసింది. సిరి తల అటూ ఇటూ ఊపి, పరవాలేదన్నట్టు చూసింది. ఇంకొంచెం తగ్గించింది. ఈసారి పిల్ల కిసుక్కున నవ్వింది. అప్పుడు గాని సువార్త నూకరత్నాన్ని మొదలుపెట్టమనలేదు.

కథ పూర్తయ్యేలోగా నూకరత్నం రెండుసార్లు ఆగింది. ఆగినప్పుడల్లా సూరిబాబు వెళ్ళి ఆ చేతి మీద తడిగుడ్డ వేశాడు, సువార్త కెమెరా ఆపి నిలబడింది. ఎండకి నూకరత్నం ముఖం చిట్లించుకుంది. పక్కింటివాళ్ళ తువ్వాలు ఒకటి తీగ మీంచి మాటిమాటికీ బొమ్మలోకి ఎగిరొచ్చింది. ఏ పోటీకీ పంపలేని వీడియో అది. సైజు చిన్నది కావడంతో సూరిబాబు పాత ఫోనులోకి ఇట్టే ఎక్కింది, ఆగకుండా ఆడింది. సిరి ఆ ఫోను పట్టుకుని మెట్టు మీద కూర్చుంది. వరదొచ్చింది, నావ కదిలింది, గొడుగు విచ్చుకుంది. పిల్ల పగలబడి నవ్వి, ఫోను ఒళ్ళో పెట్టుకుని, తన చిన్న పిడికిలి మూసి అయిదు వేళ్ళూ విప్పింది. నూకరత్నం ఆ వేళ్ళకేసి చాలాసేపు చూసింది. ఆ తరవాత పిల్ల తల నిమిరి, బస్సుకి టైమైందని మొగుడికి సైగ చేసింది.

వాళ్ళు సందు మలుపు తిరిగేదాకా సువార్త గుమ్మంలోనే నిలబడింది. లోపలికి వచ్చేసరికి టీవీలో ఆ మొదటి వీడియో ఇంకా అలాగే ఆగి ఉంది. మాస్టారు తీరిగ్గా కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

"మాస్టారండీ, ఇది చెరిపెయ్యమంటారా?"

ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఆ వెన్నలాంటి వెలుగునీ, ముక్కుపుడకనీ, మెత్తటి చీకటినీ తనివితీరా చూశారు.

"ఎందుకమ్మా, ఇంత బాగుంటే? ఉంచు. మనం చూసుకోడానికి పనికొస్తుంది" అన్నారు.