పైడమ్మ మల్లెమొక్కకు రాతి తొట్టి

లోకంలో తెలివి పంచిపెట్టిన రోజున గవరయ్య ఇంటివాళ్ళు గంగాళం పట్టుకెళ్ళారట. ఈ మాట వాళ్ళే చెప్పుకుంటారు.

గవరయ్య పెళ్ళాం పైడమ్మకు పుట్టింటినుంచి తెచ్చుకున్న మల్లెమొక్క ఒకటుంది. నల్లకవరులో వేళ్ళు చుట్టలు తిరిగి, ఆకులు వడలిపోతున్నాయి. "ఇది సచ్చిపోతే మాయమ్మకి నా మొకం ఎలా సూపించను?" అని ఆమెకు ఒకటే బెంగ.

సిమెంటు, ఇసుక, కొబ్బరిపొట్టు కలిపి అచ్చం రాతితొట్టిలాంటిది ఇంట్లోనే చేసుకోవచ్చని ఫోనులో ఒకావిడ వీడియో పెట్టింది. మరిది సన్యాసిరావు దాన్ని ముక్కముక్కలుగా చూపించాడు. ఒకేసారి చూస్తే ఉన్న తెలివి ఒలికిపోతుందని వాడి భయం.

"పెద్ద అట్టపెట్టెలో చిన్న డబ్బా పెట్టి, అడుగునా చుట్టూ సిమెంటు ముద్ద కూరండి. డబ్బా ఏదైనా సరే" అంది ఆవిడ. ఏదైనా సరే అన్నాక వెతకడమెందుకు? ఎదురుగా ఉన్న బియ్యం డబ్బా పెట్టేశారు, బియ్యంతో సహా. "గట్టిపడేదాకా ముట్టుకోకండి" అంది. అంతే, ఇంటిల్లిపాదీ అటుకులు నమిలారు.

"ఎండిపోకుండా రోజూ నీళ్ళు చల్లండి" అంది. మర్నాడు కుండపోత వాన. గవరయ్య గొడుగేసుకుని మరీ నీళ్ళు చల్లుతున్నాడు.

"వానే తడిపేస్తంది గదా మావా" అంది పైడమ్మ.

"వీడియో సూసింది మనవా, వానా?"

పైడమ్మ ఇంకో చెంబు నీళ్ళు తెచ్చి అందించింది. ఇంట్లో ఇంత తెలివి ఉండగా తను కూడా ఆలోచించడం దండగ.

"ఇప్పుడు లోపలి డబ్బా తీసెయ్యండి" అంది ఆవిడ. ముగ్గురూ లాగారు. ఊహూ, రాలేదు.

"బైట తొట్టి ఉండబట్టేగదన్నా అది లోపలి డబ్బా అయింది. తొట్టిని తీసేస్తే సరి" అన్నాడు సన్యాసిరావు.

ఇంకేముంది, సమ్మెట తెచ్చి తొట్టిని ముక్కలు చేశారు. డబ్బాకు చిన్న సొట్టయినా పడలేదని తెగ మురిసిపోయారు.

"మొక్క నాటండి" అంది ఆవిడ. పైడమ్మ ఆత్రంగా డబ్బాలో, బియ్యంలోనే నాటేసింది. పచ్చిబియ్యం పసిమొక్కకు అరగవని ప్రేమగా మరిగే నీళ్ళు పోసింది. ఆఖరున, "తొట్టికి పెరుగు పూస్తే నాచు పట్టి పాతరాయిలా కనిపిస్తుంది" అంది ఆవిడ. తొట్టి లేదు కనుక పెరుగంతా డబ్బాలోనే గుమ్మరించారు, ఉప్పు కలిపి.

సాయంత్రానికి మల్లె తల వాల్చేసింది. గవరయ్య పరుగెత్తుకొచ్చాడు. "ఒలే, ఏటయిందే దీనికి?"

పైడమ్మ నోటిమీద వేలేసుకుని, మొక్కకు దుప్పటి కప్పింది.

"గట్టిగా మాటాడకు మావా. ఇన్నాళ్ళకి కడుపునిండా పెరుగన్నం తింది. కునుకు తీస్తంది."