నీడ దేవుడి గుడిలో రాజుగారు

కొండల నడుమ, ఒక ఏటి మలుపులో, పూర్వం మణిగిరి అనే రాజ్యం ఉండేది. దాన్ని ఏలిన రణకేసరి మహారాజు దానగుణం కలవాడే, యుద్ధంలో వెన్ను చూపనివాడే. చిక్కల్లా ఆయనకు తన రూపం మీదున్న మమకారంతోనే. కోట గుమ్మం మీద ఆయన బొమ్మ, కొలువుకూటం గోడల మీద ఆయన బొమ్మ, చివరికి వంటశాలలో గంగాళాల మీద కూడా ఆయన బొమ్మే!

ఆ కొలువులో బాచన అనే చమత్కారి ఉండేవాడు. రాజును నవ్వించడం అతని ఉద్యోగం. ఆ నవ్వు మాటున రాజుకు రుచించని మాటను మెల్లగా ఆయన చెవిన వేయడం అతని నేర్పు.

ఒక ఎండాకాలం రాజు పరివారంతో సహా నీలగుట్ట మీది ప్రాచీన శివాలయానికి వెళ్ళాడు. నల్లరాతి గుడి అది. కట్టించిందెవరో చెప్పే శాసనం ఎక్కడా లేదు. అక్కడి స్వామిని జనం 'నీడ దేవుడు' అంటారు.

బాచన ఆ గుడి చూడడం అదే మొదలు. మండపంలో అడుగుపెట్టగానే అతను ఆగిపోయాడు. స్తంభాలు అద్దాల్లా మెరుస్తున్నాయి. ఒకదాని చుట్టూ హంసల బారు చెక్కి ఉంది. ఏ హంసా మరో హంసలా లేదు. ఇంకోదాని మీద పూలతీగ, ఆ తీగ వెనక మరో తీగ, ఆ రెంటి నడుమ సూది దూరేంత సందు. వేలితో మీటితే రాయి కంచులా ఖంగుమంది. రాజు ఏదో హాస్యం చెప్పమన్నాడు గాని బాచనకు ఒక్కటీ గుర్తుకు రాలేదు.

అర్చకుడు మల్లిభట్టు వారిని గర్భగుడి వాకిటికి తీసుకుపోయాడు. పెద్ద వయసు, సన్నని గొంతు.

"ప్రభూ, లింగం వెనక గోడ చూడండి."

గోడ మీద నిటారుగా, స్తంభం లాంటి నీడ ఒకటి నిలబడి ఉంది.

"పొద్దున వచ్చినా, మిట్టమధ్యాహ్నం వచ్చినా, సాయంత్రం వచ్చినా అది అక్కడే ఉంటుంది. సూర్యుడు కదులుతాడు గాని అది కదలదు. సూర్యుడి ఇల్లాలు ఛాయాదేవి ఒకనాడు భర్త కోపానికి తాళలేక పరుగున వచ్చి ఈ స్వామి వెనక దాక్కుందట. 'నా వెనక ఉన్నంతసేపూ నిన్నెవరూ తాకలేరమ్మా' అని స్వామి అభయమిచ్చాడట. నాటి నుంచీ సూర్యుడు తెల్లవారగానే తూర్పు నుంచి తొంగిచూస్తాడు. మధ్యాహ్నం కప్పు మీద నిలబడి వెతుకుతాడు. పొద్దుగూకే వేళ పడమటి నుంచి బతిమాలతాడు. ఆ తల్లి మాత్రం ఇక్కడి నుంచి కదలదు."

బాచన చేతులు వాటంతటవే జోడయ్యాయి.

రాజు మాత్రం మీసం దువ్వాడు. "ఇంతకీ ఇది ఏ స్తంభం నీడ?"

"తెలియదు ప్రభూ. మా తాతలకూ తెలియదు."

"అయితే కనిపెట్టించండి. ఆ స్తంభం తీసేసి, ఆ చోట నా శిలావిగ్రహం నిలబెట్టండి. సూర్యచంద్రులు ఉన్నంతకాలం దేవుడి పక్కన ఈ రణకేసరి నీడ ఉంటుంది!"

మల్లిభట్టు ముఖం పాలిపోయింది. "మహాప్రభో! ఈ కప్పు బరువును స్తంభాలన్నీ కలిసి పంచుకు మోస్తున్నాయి. ఒక్కటి తప్పించినా గుడి నిలవదు."

"కూలితే ఇంతకన్నా పెద్దది కట్టిస్తాను. అడ్డం వచ్చినవాడికి నా రాజ్యంలో చోటు లేదు."

దగ్గరున్న స్తంభాన్ని ముసలాయన రెండు చేతులా వాటేసుకుని, చంటిబిడ్డను దాచుకున్నట్టు నిలబడ్డాడు. బాచనకు రాజు సంగతి తెలుసు. వద్దంటే రాజు వినడు. వద్దన్నవాణ్ణి వెళ్ళగొట్టి మరీ పని కానిస్తాడు.

బాచన ముందుకు వచ్చి వంగి నమస్కరించాడు. "అద్భుతమైన ఆలోచన ప్రభూ! అయితే ఒక్క మనవి. సాక్షాత్తూ తమరు ఉండగా, తొలి నీడ రాతిబొమ్మదా పడడం?"

రాజు కళ్ళు మెరిశాయి. "మరి?"

"రేపు పొద్దు పొడవగానే తమరే ఒక్కొక్క స్తంభం ముందూ నిలబడండి. నేను లోపల కూర్చుని గోడ చూస్తుంటాను. ఎక్కడ నిలబడితే తమ నీడ లోపల పడుతుందో, అదే విగ్రహానికి తగిన చోటు. తమరప్పుడు విగ్రహానికి బదులు కాబట్టి కదలకూడదు, మాట్లాడకూడదు. గొడుగు అసలే పనికిరాదు."

"భేష్!" అన్నాడు రాజు. "నా నీడ పడకపోతే గుడి జోలికి రానని మాట ఇస్తున్నాను. పడిందో, మొదటి గునపం దెబ్బ నువ్వే వేయాలి."

"చిత్తం," అన్నాడు బాచన. నిజానికి ఆ నీడ రహస్యం అతనికీ తెలియదు. కాకపోతే వాకిట నిలబడ్డప్పుడు ఒకటి గమనించాడు. వెనక అంత పరివారం అటూ ఇటూ తిరిగినా, ఆ గోడ మీద ఒక్కరి నీడైనా పడలేదు.

మర్నాడు ఉదయం రాజు కిరీటంతో, హారాలతో తూర్పు మెట్ల మీద, ఒక స్తంభం ముందు నిలబడ్డాడు. వెలుతురుకు అడ్డు రాకూడదని మండపంలోకి ఎవరినీ రానివ్వవద్దని భటులకు ముందే ఆజ్ఞ ఇచ్చాడు. దర్శనానికి వచ్చిన జనమంతా ఎండలో ఆగిపోయారు.

బాచన గర్భగుడి వాకిట కూర్చుని ఊపిరి బిగబట్టి చూశాడు. గోడ మీద ఎప్పటి నీడే. కిరీటం ఆనవాలు లేదు.

"ప్రభూ, పక్క స్తంభం!" అని కేకేశాడు.

రాజు జరిగాడు. మళ్ళీ జరిగాడు. ఎండ ముదిరింది. చెమట చెవుల మీదుగా కారి హారాల్లోకి దిగింది. పావురం ఒకటి వచ్చి కిరీటం మీద స్థిరపడింది.

ఇంతలో చూపు మందగించిన అవ్వ ఒకామె చేత్తో మెట్లు తడుముకుంటూ వచ్చింది. "ద్వారపాలకుణ్ణి కొత్తగా పెట్టారే! మీసాలెంత బాగా చెక్కారు! పొట్టే కొంచెం ఎక్కువ చెక్కారు," అంటూ రాజు పాదాలకు నూనె రాసి, పైకి చెయ్యి చాచి, అందినచోట బొట్టు పెట్టింది. అందింది ముక్కు. రాజు పళ్ళు పటపట కొరికాడు గాని కాలు కదపలేదు.

అవ్వ ఆయన నీడలో చతికిలబడింది. చంటిపిల్లతో ఉన్న తన కోడల్ని పిలిచింది. "ఇటు రావే, ఇక్కడ చల్లగా ఉంది." పిల్లను ఆ నీడలో పడుకోబెట్టి, రాజు మోకాలు నిమిరింది. "రాయివైనా నీడ ఇచ్చావు నాయనా. నీకు పుణ్యముంటుంది."

లోపలి నుంచి బాచన మళ్ళీ కేకేశాడు. "ప్రభూ, జరగాలి!"

రాజు జరగలేదు. బాచన లేచి వచ్చి చూశాడు. రాజు కళ్ళతోనే కిందికి సైగ చేశాడు. పిల్ల నిద్రపోతోంది. నీడ వాలుతుంటే, పిల్ల ముఖం మీద ఎండ పడకుండా ఆయన ఒక భుజాన్ని వెంట్రుకవాసి ముందుకు వంచుతున్నాడు. బాచన అడుగుల చప్పుడు కాకుండా లోపలికి వెళ్ళిపోయాడు.

పిల్ల లేచి, తల్లి ఎత్తుకున్నాకే రాజు కదిలాడు. భటుల్ని తప్పుకోమని చేయి ఊపి, జనాన్ని మండపంలోకి వదిలించి, తాను గర్భగుడి వాకిటికి వచ్చి నేల మీదే కూర్చున్నాడు.

కాసేపటికి కళ్ళు చీకటికి అలవాటు పడ్డాయి. గోడ మీద ఆ నీడ కనిపించింది. మండపం నిండా జనం కదులుతున్నారు, అది కదలడం లేదు. స్తంభాల సందుల్లోంచి వచ్చే వెలుగులన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ వచ్చి, ఆ ఒక్క చోటును మాత్రం అంటకుండా ఆగిపోతున్నాయి. రాజు చెయ్యి చాచి చూశాడు. ఆ చేతి నీడా పడలేదు.

"బాచనా, ఇది మనుషులు కట్టిందేనా?" ఆయన గొంతు గుసగుసలా ఉంది.

"మనుషులే ప్రభూ. తమ పేరు ఎక్కడా చెక్కుకోలేదు. నాకు తోచినంతలో ఇది ఏ ఒక్క స్తంభం నీడా కాదు. అన్నీ కలిసి పట్టిన నీడ."

రాజు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత, "అయితే పొద్దుటి నుంచీ నిలబడ్డా నా నీడ పడనే లేదన్నమాట," అన్నాడు.

"పడకేం ప్రభూ? దేవుడికి నీడ కరువు లేదు గనుక ఇక్కడ పడలేదు. కరువున్నచోట, ఆ పసిపిల్ల మీద పడింది."

రాజు అతని వైపు తేరిపార చూశాడు. ముక్కు మీద బొట్టు ఇంకా అలాగే ఉంది. ముందు మీసం కదిలింది. ఆపైన భుజాలు కదిలాయి. ఆ తర్వాత ఆయన నవ్విన నవ్వుకు కప్పులోని పావురాలన్నీ ఒక్కసారిగా లేచాయి. మల్లిభట్టు కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

"నన్ను ఎండలో మాడ్చి నీడంటే ఏమిటో చూపించావురా!" అంటూ రాజు తన చేతి రత్నకంకణం తీసి బాచన చేతికి తొడిగాడు. ఆ సంవత్సరం నుంచి నీలగుట్ట దారి పొడవునా బాటసారులకు చలువ పందిళ్ళు వేయించాడు. వాటిలో దేని మీదా తన పేరు రాయవద్దని ఆయనే ఆజ్ఞాపించాడట.