నారు తక్కువ, నెత్తి ఎక్కువ

నాట్లు వేసే చేను చూశారా? ఏం చూశారో చెప్పండి! వంగిన నడుములు చూసి ఉంటారు. ఉన్న కాస్త నారు ఎక్కడ నాటాలో తేల్చే తలకాయను చూసి ఉండరు.

ఆ తలకాయ నాట్ల ముఠా పెద్ద గవరమ్మది. పదేళ్లుగా కిరీటం తీయని బట్టతల రాజు ఒకరోజు ఆమెను సభకు పిలిపించాడు.

"నా మెడ వెనక జుట్టు పీకి నెత్తంతా ఒత్తుగా నాటు. కుదరదన్నావో, మీ వాడకు కాలువ నీళ్లు ఆపేస్తా!"

ఆ వాడలో నూరు కొంపలు. అయినా గవరమ్మ బెదరలేదు. రాజు మెడ వెనక జుట్టు వేళ్లతో పట్టి చూసింది.

"దొరా, నారు చారెడు, చేను ఎకరం. అంతటా నాటితే పశువులు మేసిన మడిలా ఉంటుంది. నారంతా పీకితే వెనక బోడి. రేపు నాటిందీ రాలితే మళ్లీ నాటడానికి పోచ మిగలదు."

"అయితే కుదరదంటావా?"

"ఎందుకు కుదరదు? కిరీటం అంచు కింద, నుదుటి మీద రెండు వేళ్ల మేర ఒత్తుగా నాటుతా. మిగతా నారు రేపటికి ఉంచుతా."

"మరి నడినెత్తి బోడి?"

"చూసినవాళ్లుంటే చెయ్యెత్తమనండి దొరా."

రాజు సభ వైపు కళ్లెర్రజేశాడు. మంత్రి, సేనాపతి, వైద్యుడు అందరూ చేతులు కట్టుకుని నేల చూశారు.

"ఎవరికీ కనబడని చోట నారు తగలేస్తామా దొరా?"

రాజు కిరీటం సర్దుకుని నుదురు ముందుకు వంచాడు. కాలువ నీళ్లు ఆగలేదు.

ఆ సభలో మీరుంటే చెయ్యెత్తేవారా?